ద్రాక్షకు ఒక్క తాళం చాలదు

శివరాత్రి నాడు పొద్దున్నే మా ఇంట్లో ద్రాక్షపండ్ల పంచాయితీ మొదలైంది. ఉపవాసం అన్నాక పండో ఫలమో ఉండాలి కదా. హన్మకొండ చౌరస్తాలో బండి మీద గింజ లేని పచ్చ ద్రాక్ష రెండు కిలోలు, గింజలున్న నల్ల ద్రాక్ష అర కిలో తెచ్చాను. కోడలు పచ్చ ద్రాక్షను వెడల్పాటి గిన్నెలో వేసి కల్లుప్పు నీళ్ళు పోసింది. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు ఆ గిన్నె ముందు గొంతుక్కూర్చుని ఒక్కో పండునూ బొటనవేలితో రుద్దుతోంది.

“తాతా, ఎంత రుద్దినా ఇంకా తెల్లగనే ఉన్నది. గిదంతా మందేనా?”

ఇంకా నీళ్ళలో వేయని నల్ల గుత్తిలోంచి ఒక పండు తెంపాను. ఒక పక్క తువ్వాలుతో గట్టిగా తుడిచి, రెండో పక్క అలాగే వదిలేసి, రెంటి మీదా చెరొక నీటిబొట్టు వేశాను. తుడిచిన పక్క నీళ్ళు పలచగా పరుచుకున్నాయి. తుడవని పక్క బొట్టు తామరాకు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలబడి, పండు కాస్త వంచగానే దొర్లిపోయింది.

“చూసినవా బిడ్డా? ఈ తెల్లటి పొర పండు తనకు తానే పూసుకున్న మైనం. లోపలి నీరు ఎండకు ఆవిరైపోకుండా ఆపేది ఇది. బయటి తడిని నిలవనీయనిదీ ఇదే. ఇది చెదరకుండా ఉందంటే పండును ఎక్కువ చేతులు తాకలేదని లెక్క.”

“మరైతే అమ్మ ఉప్పు నీళ్ళల్ల ఎందుకు ఏసింది?”

అమ్మ చేసిందీ తప్పు కాదు. ద్రాక్ష మీద మందు కొట్టేది నిజం. కొట్టక తప్పని పరిస్థితీ నిజం. పైపైన అంటుకున్నది కడిగితే చాలావరకు పోతుంది, తీగ లోపలికి పీల్చుకున్నది పోదు. అందుకే కోతకు ఇన్ని రోజుల ముందు నుంచి ఫలానా మందు కొట్టకూడదని గడువు పెడతారు. అయితే ఇంత మందు ఎందుకు కొట్టాల్సి వస్తోంది, కొట్టకుండా పండించే దారి ఏదైనా ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఆ రోజు ఉపవాసం, జాగరణ రెండూ ఉన్నాయి కాబట్టి తీరిగ్గా చెప్పడానికి నాకూ, వినడానికి ఆమెకూ బోలెడు సమయం దొరికింది.

ముందు మా పెరటి తీగ సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట ఇనుప గొట్టాలు పాతి, తీగలు లాగి, పందిరి వేసి అనాబ్-ఎ-షాహి మొక్క పెట్టాను. ‘అనబ్’ అంటే అరబ్బీలో ద్రాక్ష, షాహి అంటే రాజసం. నిజాంల నాటి హైదరాబాదులో పేరు తెచ్చుకున్న రకం ఇది. తేనె రంగు తిరిగే పొడుగాటి కాయలు, రెండు చేతులా పట్టుకోవాల్సినంత గుత్తులు. హైదరాబాదు చుట్టుపక్కల రంగారెడ్డి తోటల్లో ఒకప్పుడు ఎకరానికి వచ్చిన దిగుబడి చూసి ద్రాక్ష పండించే దేశాలవాళ్ళే ఆశ్చర్యపోయేవారు. ఆ తరవాత నీళ్ళు లోతుకు పోయాయి, భూముల ధరలు ఆకాశానికి పోయాయి, తోటలు ప్లాట్లయ్యాయి. అది వేరే కథ, తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మన దగ్గర ద్రాక్ష తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఎండాకాలంలో ఒకసారి, కొమ్మ కోసం. అక్టోబరులో ఇంకోసారి, కాయ కోసం. నేనూ అక్టోబరులో కత్తిరించాను. వారం పది రోజుల్లో కణుపు కణుపుకూ గులాబీ అంచు లేత చిగుళ్ళు, వాటిలోనే గోరంత పూగుత్తులు. ఇల్లంతా చూసి మురిసిపోయాం. ఆ ఏడు నవంబరులో ముసురు పట్టింది. నాలుగు రోజుల తరవాత ఆకుల మీద అక్కడక్కడా నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చలు కనిపించాయి. ఆకు తిప్పి చూస్తే, సరిగ్గా ఆ మచ్చ కిందే తెల్లని దూదిపొర. దాన్ని మనవాళ్ళు బూజు తెగులు అంటారు. ఇంకో వారానికి పూగుత్తులు గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిలా రాలాయి. ఆ ఏడు మాకు ఒక్క కాయ దక్కలేదు.

అప్పుడు నేను చేసిన చిన్న పని ఒకటి మనవరాలికి చెప్పాను, మీరూ చేసి చూడవచ్చు. నూనె మచ్చ ఉండి కింద ఇంకా తెల్లపొర రాని ఆకును తెచ్చి, టిఫిన్ డబ్బాలో తడి గుడ్డ పరిచి, ఆకు అడుగు భాగం పైకి ఉండేలా పెట్టి మూత బిగించి రాత్రంతా చీకట్లో ఉంచాను. తెల్లారి చూస్తే రాత్రి ఏమీ లేనిచోట పంచదార చల్లినట్టు తెల్లటి నూగు. భూతద్దంలో చూస్తే అది నూగు కాదు, చిన్న చిన్న చెట్ల అడవి. సూక్ష్మదర్శినిలో అయితే కొమ్మకొమ్మకూ నిమ్మకాయల్లాంటి గింజలు వేలాడుతూ కనిపిస్తాయి. ఒక్క రాత్రి, కాస్త తడి, కాస్త చీకటి: దానికి అంతే చాలు.

ఆ గింజ నీటిబొట్టులో పడితే పగిలి, లోపల నుంచి తోకలున్న కణాలు బయటికి ఈదుతాయి. మామూలు బూజు, శిలీంధ్రం అలా ఈదలేవు. నిజానికి ఇది శిలీంధ్రం కాదు, నీటి పాచికి దగ్గరి చుట్టం. ఈదుకుంటూ పోయి ఆకు అడుగున ఉండే శ్వాసరంధ్రాన్ని వెతుక్కుంటుంది, అక్కడ తోకలు వదిలేసి, సన్నని గొట్టం ఒకటి ఆ రంధ్రంలోకి దింపుతుంది. మనిషి ముక్కులోకి పాము దూరినట్టు. ఆకు బతికే ఉంటుంది, దాని ఆహారం మాత్రం దొంగ తింటాడు.

“మరి ఆకు ఊకుంటదా తాతా?”

అక్కడే ఉంది కిటుకంతా. మన తోటల్లో ఉండే ద్రాక్ష జాతి పశ్చిమాసియాలో, మధ్యధరా సముద్రం చుట్టూ వేల ఏళ్ళుగా మనిషి సాకిన జాతి. ఈ బూజు పుట్టింది ఉత్తర అమెరికా అడవుల్లో. వీళ్ళిద్దరికీ ముఖపరిచయం లేదు. ఊరి కుక్క తెలిసిన మనిషి వస్తే తోక ఊపుతుంది, కొత్తవాడు వస్తే మొరుగుతుంది. మన ద్రాక్ష ఆకుకు ఈ దొంగను చూస్తే మొరగాలనే తెలియదు. అమెరికా అడవి ద్రాక్షలకు తెలుసు. అవి ఈ బూజుతో లక్షల ఏళ్ళు కలిసి బతికాయి. బూజు గొట్టం దింపగానే ఆ చుట్టుపక్కల ఉన్న నాలుగు కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. ఆకు మీద ఆవగింజంత నల్ల చుక్క మిగులుతుంది, అంతే. తిండి దొరకని దొంగ అక్కడే మాడిపోతాడు. ఇంటికి నిప్పంటుకుంటే పక్కనున్న గడ్డివామును మనవాళ్ళు పీకి పారేస్తారే, అదే పద్ధతి.

1878లో ఈ బూజు అమెరికా నుంచి ఫ్రాన్సు చేరింది. అంతకు ముందే అమెరికా నుంచి వచ్చిన ఒక వేరు పేను అక్కడి తోటలను తొలిచేసి ఉంది. దాని నుంచి బయటపడటానికే అమెరికా తీగలు తెప్పించి, వాటి వేళ్ళ మీద తమ ద్రాక్షను అంటు కట్టుకున్నారు. అలా వచ్చిన తీగలతోపాటే బూజు కూడా వచ్చిందంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మన దేశంలో ఉప్పు నేలలకూ నీటి ఎద్దడికీ తట్టుకుంటుందని డాగ్‌రిడ్జ్ అనే వేరు మీద ద్రాక్ష అంటు కడతారు కదా, ఆ డాగ్‌రిడ్జ్ కూడా అమెరికాలోని టెక్సాస్ అడవి బిడ్డే. అంటే మన బండి మీది పచ్చ ద్రాక్షకు పైన ఒక దేశం, కింద ఒక దేశం.

బూజుకు మందు దొరికిన తీరు మా మనవరాలికి బాగా నచ్చింది. 1882లో బోర్డో దగ్గర మెడాక్ అనే చోట అలెక్సీ మిలార్డే అనే ఆచార్యుడు తోటల పక్కన నడుస్తున్నాడు. తోటంతా బూజుతో ఆకులు రాలి మోడుగా ఉంది, రోడ్డు పక్క వరుసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఏం చేశారని అడిగితే, దారినపోయేవాళ్ళు పండ్లు తెంపుకుపోకుండా ఉండాలని మైలుతుత్తం, సున్నం కలిపి ఆకుల మీద చల్లాం, చూడటానికి విషంలా ఉంటుంది కదా అన్నారు. మనుషుల దొంగతనానికి చల్లింది బూజు దొంగకు తగిలింది. 1885 నాటికి మిలార్డే దాన్ని పరీక్షించి లోకానికి చెప్పాడు. అదే మనం ఇవాళ్టికీ బత్తాయికీ, తమలపాకు తోటకూ, ద్రాక్షకూ వాడే బోర్డో మిశ్రమం.

నేను కూడా కలిపాను. కిలో మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్లో, కిలో సున్నం ఇంకో బకెట్లో, మొత్తం వంద లీటర్ల నీళ్ళు. ఇనుప పాత్ర వాడకూడదు, ఇనుము ఆ రాగిని లాగేసుకుంటుంది. కలిపాక పాత ఇనుప చాకు ఒకటి అందులో ముంచి ఒక నిమిషం ఉంచి తీస్తే, దాని మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని లెక్క. అలాగే కొడితే ఆకులు మాడతాయి. చాకు తెల్లగా వచ్చేదాకా సున్నం వేస్తూ పోవాలి. పొలం గట్టు మీద చేసే రసాయన శాస్త్ర పరీక్ష అది, ఏ ప్రయోగశాలా అక్కరలేదు.

కానీ రాగి ఎక్కడికి పోతుంది? వానకు కారి నేలలో చేరుతుంది. అది కుళ్ళదు, ఆవిరి కాదు. ఫ్రాన్సులో నూటనలభై ఏళ్ళుగా కొట్టిన రాగి కొన్ని పాత తోటల నేలలో పేరుకుపోయి వానపాములకే గిట్టకుండా పోయింది. దాని తరవాత వచ్చిన కొత్త మందులు రాగికన్నా పదునైనవి, వాటికి బూజు త్వరత్వరగా అలవాటు పడిపోతుంది. ద్రాక్ష ఆ దేశంలో సాగుభూమిలో చాలా చిన్న వంతు, మందుల వాడకంలో మాత్రం పెద్ద పీట దానిదే. మన మహారాష్ట్ర, తెలంగాణ ద్రాక్ష రైతు పరిస్థితీ వేరుగా లేదు. కత్తిరించింది మొదలు కోసేదాకా మబ్బు పట్టిందంటే చాలు పంపు భుజాన వేసుకోవాల్సిందే. ఆ మందు తినేవాడి ఒంట్లోకి చేరకముందే కొట్టేవాడి ఊపిరిలోకి పోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

“అయితే అమెరికా అడవి ద్రాక్షనే పెంచుకోవచ్చు కదా!”

పెంచుకోవచ్చు, తినడమే కష్టం. చాలావాటికి కాయ చిన్నది, గింజ పెద్దది, తోలు మందం. కొన్నింటికి ఒక గుప్పుమనే వాసన. ద్రాక్ష చాక్లెట్టు చప్పరిస్తే వస్తుంది చూడండి, అది మిథైల్ ఆంథ్రానిలేట్ అనే పదార్థం, లాబ్రస్కా అనే అమెరికా జాతి సొంత వాసన. ఆ రోజు మేం తెచ్చిన నల్ల ద్రాక్ష బెంగుళూరు బ్లూ. అందులో లాబ్రస్కా రక్తం ఉంది. నోట్లో నొక్కితే తోలు ఒకవైపు, గుజ్జు ఒకవైపు జారిపోయేదీ ఆ రక్తం వల్లే, మిగతా రకాలకన్నా తెగుళ్ళకు కాస్త గట్టిగా నిలబడేదీ అందువల్లే.

“తాతా, మన పెరట్ల నల్లేరు ఉన్నది కదా. అమ్మ పచ్చడి చేస్తది. గది కూడా ద్రాక్ష కుటుంబమే అని మా సారు చెప్పిండు. దానికి తెగులే రాదు. దాన్నీ ద్రాక్షనూ కలిపితే?”

మంచి ప్రశ్న. నల్లేరూ ద్రాక్షా ఒకే కుటుంబం, నిజమే. ఆకుకు సరిగ్గా ఎదురుగా నులితీగ వచ్చేది రెండింటికీ ఉంది, పోయి చూసుకోండి. అయినా వాళ్ళది మరీ దూరపు చుట్టరికం, పుప్పొడి వేసినా గింజ కట్టదు. దగ్గరి చుట్టాలతో కలపడమే గండం అయిపోతుంది, నల్లేరు మీద బండి నడక కాదు.

ఆ కలపడం ఎలాగో చెప్పాను. ద్రాక్ష పువ్వు ఆవగింజకన్నా కాస్త పెద్దది. దానికి రేకులు విప్పుకోవడం రాదు, ఐదు రేకులూ పైన అతుక్కుని చిన్న టోపీలా ఉంటాయి. పూసే రోజు ఆ టోపీ కిందనుంచి ఊడి పడిపోతుంది, వెంటనే తన పుప్పొడి తన మీదే పడుతుంది. సంకరం చేయాలనుకున్నవాడు ఆ టోపీ ఊడకముందే సన్నని చిమటాతో దాన్ని లాగేసి, ఐదు కేసరాలనూ గిల్లేయాలి. ఇలా ఒక గుత్తిలో వందల పువ్వులకు. చెయ్యి వణికితే అండాశయం చితికిపోతుంది. తరవాత గుత్తికి కాగితం సంచి కట్టి, మర్నాడు రెండో చెట్టు పుప్పొడి కుంచెతో అద్ది, మళ్ళీ సంచి. కాయ పండాక గింజలు తీసి, రెండు మూడు నెలలు చలిలో పెట్టాలి, శీతాకాలం గడిచిందని నమ్మించకపోతే అవి మొలవవు. మొలిచాక కాయ చూడటానికి ఇంకా రెండు మూడేళ్ళు.

ఇంకా ఒక చిక్కు. మామిడి టెంక నాటితే తల్లి లాంటి చెట్టు రాదని మనకు తెలుసు, ద్రాక్ష కూడా అంతే. ఒక గుత్తి గింజలు వంద నాటితే వంద రకాల తీగలు. మంచిది ఒకటి దొరికితే దాన్ని కొమ్మ ముక్కలతోనే పెంచాలి. అడవి ద్రాక్షతో కలిపిన మొదటి తరానికి తెగులు రాదు, రుచీ రాదు. రుచి కోసం మళ్ళీ మంచి ద్రాక్షతో, ఆ పిల్లను మళ్ళీ ఇంకో మంచి ద్రాక్షతో... ఇలా ఐదారు తరాలు. ఒక రకం బయటికి రావడానికి పాతికేళ్ళు పట్టిందంటే ఆలస్యం చేశారని అనకండి.

బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవాళ్ళు మన బెంగుళూరు బ్లూనూ మన అనాబ్-ఎ-షాహినీ కలిపి అర్కా హంస్ అనే రకం తీశారు. బెంగుళూరు బ్లూతో బ్లాక్ చంపాను కలిపి అర్కా శ్యామ్ తీశారు. పుణెలోని అఘార్కర్ పరిశోధనా సంస్థ క్యాటాబా అనే లాబ్రస్కా రకాన్ని బ్యూటీ సీడ్‌లెస్‌తో కలిపి ఏఆర్ఐ-516 తెచ్చింది. కత్తిరించాక 110, 120 రోజుల్లో పండుతుంది, రసానికి బాగుంటుంది, శిలీంధ్ర తెగుళ్ళను తట్టుకుంటుంది. దీన్ని సాగు చేయవచ్చని సిఫారసు చేసిన రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. పెరట్లో పందిరి వేసుకోవాలనే వాళ్ళకు నేనైతే ఇప్పుడు ఇలాంటిదే చెబుతాను, నాలా అనాబ్-ఎ-షాహి పెట్టి ఏడవమని చెప్పను.

ఇంతవరకూ విని మనవరాలు “అయిపోయింది కదా మరి, తెగులు రాని రకం వచ్చింది, ఇంక మందు అక్కర్లేదు” అని తేల్చేసింది. ఇల్లలకగానే పండుగ కాదు బిడ్డా అన్నాను. ఆ మాట వెనక ఉన్న కథ ద్రాక్షది కాదు, మన వరంగల్‌ది.

మన వరి రైతులకు ఉల్లికోడు అంటే ఇంట్లో మనిషి పేరంత తెలుసు. వరి పిలకలోంచి ఆకు రావాల్సిన చోట ఉల్లాకులా గుండ్రటి, వెండి రంగు గొట్టం ఒకటి పొడుచుకొస్తుంది. ఆ పిలక ఇక వెన్ను వేయదు. దోమలాంటి చిన్న ఈగ ఆకు మీద గుడ్డు పెడుతుంది, దాని పురుగు తడిలో పాకుతూ మొవ్వు లోపలికి దిగి, పెరిగే మొనను కొరుకుతుంది. దాని ఉమ్మిలోని ఏదో పదార్థానికి మొక్క మోసపోయి, ఆకు బదులు ఆ పురుగుకే ఇల్లు కట్టి ఇస్తుంది. చిన్నప్పుడు మా నాయన పొలంలో ఒక గొట్టాన్ని గోటితో నిలువునా చీల్చి చూపించాడు. లోపల ఎర్రటి ప్యూపా, బియ్యపు గింజంత. పక్క గొట్టం కొసన చిన్న కన్నం, ఆ కన్నానికి వేలాడుతున్న ఖాళీ తొక్క. దోమ ఎగిరిపోయింది. వానాకాలం నాట్లు ఆలస్యమై, ముసురు పట్టి, గాలిలో తేమ ఉంటే ఇక్కడ ఉల్లికోడుకు పండుగే.

అందుకే దేశంలో ఉల్లికోడును తట్టుకునే వరి కోసం వెతుకులాట మొదలైన ముఖ్యమైన చోట్లలో వరంగల్ ఒకటి. ఈశ్వరకోర అనే పాత దేశవాళీ వరిలో దీన్ని తట్టుకునే గుణం ఉందని గమనించారు. దాన్ని మారుటేరు రకం ఎంటీయూ 15తో సంకరం చేసి డబ్ల్యూ 1263 అనే వంగడాన్ని ఇక్కడే తీశారు. ఆ ‘డబ్ల్యూ’ మన వరంగలే. దానిలోని నిరోధక జన్యువుకు జీఎం-1 అని పేరు. ఆ జీఎం అంటే పురుగు ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు, జన్యుమార్పిడి అని పొరపాటు పడకండి. ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి తరవాత వచ్చిన రకాల పేర్లు వింటేనే ఇది మన ఊరి పని అని తెలిసిపోతుంది: కాకతీయ, పోతన, ఎర్రమల్లెలు, కావ్య, సిద్ధి. బమ్మెర పోతన వ్యవసాయం చేసుకున్న కవి అంటారు కదా, ఒక వడ్ల గింజకు ఆయన పేరు పెట్టినవాళ్ళకు నేను మనసులో దండం పెట్టుకుంటాను.

ఇందులో విచిత్రం చూడండి. జీఎం-2 అనే ఇంకో జన్యువు థాయ్‌లాండు వరి సియామ్ 29 నుంచి వచ్చింది. ఫల్గుణ రకంలో ఉన్నది అదే. పురుగు కొరకగానే అక్కడి కణాలు చచ్చి గోధుమ రంగు తిరుగుతాయి, సరిగ్గా అమెరికా ద్రాక్ష ఆకు చేసే పనే. మన కావ్యలో ఉన్న జీఎం-1 మాత్రం అలా తన కణాలను చంపుకోదు, మొక్క పచ్చగానే ఉంటుంది, పురుగు ఊరకే చచ్చిపోతుంది. ఒకే దొంగకు రెండు రకాల తాళాలు.

కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఊళ్ళకు ఊళ్ళు ఒకటే రకం వేస్తే ఏమవుతుంది? కోట్ల పురుగుల్లో ఎక్కడో ఒకదానికి ఆ తాళం పట్టని తేడా ఉంటుంది. మిగతావన్నీ చస్తాయి, అదొక్కటే పిల్లలు పెడుతుంది. మూడు వారాలకు ఒక తరం. 1980లలో శ్రీకాకుళం వైపు ఫల్గుణ మీద అలాగే ఉల్లికోడు తిరగబడింది. తరవాత మన వరంగల్ ప్రాంతంలోనే 4ఎం అనే కొత్త జీవరకం కనిపించింది, జీఎం-1కూ జీఎం-2కూ రెండింటికీ దాని దగ్గర తాళంచెవి ఉంది. ఇప్పటికి దేశంలో ఉల్లికోడు జీవరకాలు ఏడు లెక్క తేలాయి.

పత్తిలోనూ ఇంతే అయింది. రెండు విష ప్రోటీన్లున్న బీటీ పత్తి 2006లో వచ్చింది, పదేళ్ళు తిరగకముందే గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడింది. విత్తన ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల చిన్న పొట్లం ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? పొలం చుట్టూ వేస్తే మామూలు పురుగులూ బతికి, నిరోధం నేర్చిన పురుగులతో జతకట్టి, ఆ నేర్పు పలచబడుతుందని దాని వెనక ఆలోచన. అది ఎందుకో రైతుకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, చాలామంది గట్టు మీద పారేశారు. రైతును తప్పు పట్టను. పొట్లం ఇచ్చి కథ చెప్పకపోవడం తప్పు.

ఇప్పుడు ద్రాక్షకు వద్దాం. ఫ్రాన్సులో మాంపెలియేలో అలన్ బూకే అనే శాస్త్రవేత్త 1974లో మస్కడైన్ అనే అమెరికా ద్రాక్షతో పని మొదలుపెట్టాడు. మస్కడైన్‌కు 40 క్రోమోజోములు, మామూలు ద్రాక్షకు 38. కలిస్తే పుట్టే పిల్లలు చాలావరకు గొడ్డువి. ఆ గొడ్డుతనాన్ని దాటుకుని, తరం వెంట తరం మంచి ద్రాక్షతో కలుపుతూ, బూజు తెగులుకు ఒకటి, ద్రాక్షకు వచ్చే మరో తెగులైన బూడిద తెగులుకు ఒకటి, రెండు బలమైన జన్యువులను మంచి రుచిలోకి తెచ్చాడు. మొక్కలు చేతిలో ఉన్నాయి, రైతులు అడుగుతున్నారు. అయినా సంస్థ వాటిని విడుదల చేయలేదు. ఒక్కో తెగులుకు ఒక్కో తాళమే ఉంది, ఊరంతా వేస్తే బూజు కొన్నేళ్ళలోనే తాళంచెవి చేసుకుంటుంది, అప్పుడు పాతికేళ్ళ శ్రమతోపాటు ఆ జన్యువే శాశ్వతంగా పోతుందని. ఆ భయం ఉత్తిది కాదు. ఆర్‌పీవీ-3 అనే ఒక్క జన్యువు మీద ఆధారపడిన బియాంకా అనే ద్రాక్ష మీద దాన్ని దాటగలిగే బూజు అప్పటికే కనిపించింది.

అందుకని ఇంకో అడవి మూలం నుంచి రెండో జన్యువును కూడా చేర్చారు. 2018లో అర్తబాన్, విడోక్, ఫ్లోరియల్, వోల్టిస్ అనే నాలుగు రకాలు బయటికి వచ్చాయి, ప్రతిదానిలో బూజుకు రెండు, బూడిద తెగులుకు రెండు. అప్పుడు కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు మందు కొట్టమనే చెప్పారు. పదిపదిహేను సార్లు కాదు, ఒకటి రెండు సార్లు, ఆ తాళాలకు కాపలాగా.

“రెండేసి తాళాలు ఎట్ల పెడ్తరు తాతా? ఏ మొక్కకు వచ్చినయో ఎట్ల తెలుస్తది?”

జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఇచ్చాను. తల్లికి ఒక జన్యువు జతలో ఒకవైపే ఉంటే, గింజకు అది చేరడం బొమ్మా బొరుసూ. ఒక జన్యువైతే రెండు మొక్కల్లో ఒకదానికి. రెండైతే నాలుగింటిలో ఒకదానికి. నాలుగు జన్యువులూ కావాలంటే పదహారు మొక్కల్లో ఒకదానికి. ఆమె బిళ్ళ ఎగరేసింది. వరసగా నాలుగు బొమ్మలు పడటానికి ఆమెకు ఇరవై మూడు దఫాలు పట్టింది, వేలు నొప్పి పుట్టింది. “ఇంకా అయిపోలేదు, ఆ పదహారింటిలో ఒకటికి రుచి కూడా ఉండాలి, తోలు పలచగా ఉండాలి, గుత్తి నిండుగా ఉండాలి” అన్నాను. పాతకాలంలో అన్నింటినీ పెంచి, తెగులు అంటించి, మూడేళ్ళు చూడాల్సి వచ్చేది. ఇప్పుడు మొలకకు నాలుగు ఆకులు రాగానే ఒక ఆకు ముక్క తీసి, డీఎన్ఏలో ఆ జన్యువు పక్కనుండే గుర్తు ఉందో లేదో చూస్తారు. లేనివాటిని అక్కడే తీసేస్తారు. ఇందులో బయటి జీవి జన్యువును చొప్పించడం ఏమీ లేదు, చేసింది పుప్పొడి సంకరమే, ఎంచుకోవడానికి మాత్రం డీఎన్ఏ దీపం పట్టుకున్నారు.

ఈ పద్ధతితో మనవాళ్ళు చేసిన గొప్ప పని ఒకటి మన కంచంలోనే ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204, మనం సన్నబియ్యం అనగానే గుర్తొచ్చేది. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు గండం. హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధనా సంస్థ నుంచి రమేష్ సొంటి బృందం, రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థవాళ్ళూ కలిసి ఆ గింజ సన్నదనం, అన్నం తీరు చెడకుండా మూడు నిరోధక జన్యువులు ఒకేసారి దానిలోకి తెచ్చారు. 2008లో అది మెరుగుపరచిన సాంబ మసూరిగా వచ్చింది. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ-21 అనేది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, తినడానికి పనికిరాని గడ్డి లాంటి వరి నుంచి.

ఈశ్వరకోర కూడా నాకు తెలిసి ఇప్పుడు ఎవరి పొలంలోనూ లేదు. విత్తన బ్యాంకులో చల్లని గదిలో ఒక పొట్లంలో ఉంది. అలాంటి పాత విత్తనం ఒక్కటి మొలక శక్తి పోగొట్టుకుంటే రేపటి తాళం ఒకటి పోయినట్టే అని నాకు భయం. అందుకే ఎవరింట్లోనైనా గంపలో, కుండలో పాత రకం వడ్లు, కందులు, చిక్కుళ్ళు కనిపిస్తే పారేయకండి, ఒక పిడికెడు నాకు ఇవ్వండి అని అడుగుతుంటాను, చాలామంది ఇస్తున్నారు కూడా.

సాయంత్రం వేయి స్తంభాల గుడికి పోయి వచ్చేసరికి చీకటి పడింది. జాగరణ కదా అని మళ్ళీ ద్రాక్ష గిన్నె ముందు కూర్చున్నాం. మనవరాలు నల్ల ద్రాక్ష తింటూ గింజలు ఉమ్మకుండా ఒక గిన్నెలో దాచింది. పదహారు అయ్యేదాకా తింది, లెక్క పెట్టింది, కడిగింది, తడి దూదిలో చుట్టి పాత ఐస్‌క్రీం డబ్బాలో పెట్టింది.

“ఫ్రిజ్‌ల ఎన్ని రోజులు పెట్టాలె తాతా?”

“మూడు నెలలు. దూది ఆరనీయకు, బూజు పట్టనీయకు.”

డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతో తారీఖు రాసింది. దాని కింద, కూరగాయలు పెట్టుకునే వాళ్ళ అమ్మ కోసం, ‘పారెయ్యొద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీసింది.